చేదు ముద్ద

మారికుప్పం దాటిన తరువాత, సైనైడ్ గుట్ట సాయంకాలపు నీడ వచ్చి ఆగేచోట, గని కార్మికుల కోసం ఒకనాడు కట్టించిన ఇళ్ళ వరుస ఒకటి ఉంది. నలభై ఇళ్ళలో ఇప్పుడు పొయ్యి వెలిగేవి మూడే. ఆ మూడింటిలో చివరిది చిక్కవెంకటప్పది. ఇంటి వెనుక గోడలేని దొడ్డి, దొడ్డి చివర ఒక పలకరాయి, రాయికి అవతల తంగేడు పొదలు, పొదల వెనుక గుట్ట. బంగారాన్ని తీసుకొని విడిచిపెట్టిన రాతిపిండిని నూరేళ్ళపాటు పోసి పోసి పెంచిన గుట్ట అది. దానిమీదికి ఎవరూ పశువులను తోలరు. గాలి లేచిన రోజున ఆ బూడిదరంగు ధూళి వచ్చి చిక్కవెంకటప్ప తులసికోటమీద వాలుతుంది. ఆయన తడిగుడ్డతో ఒక్కొక్క ఆకునూ తుడిచి, ఆ తరువాతనే నీళ్ళు పోస్తాడు. చూసేవారు లేరని ఆ పనిని ఆయన ఎన్నడూ త్వరగా ముగించలేదు.

గని నడిచిన రోజుల్లో ఆయన వైండింగ్ ఇంజిన్ డ్రైవరు. మనుషులను షాఫ్టులోకి దించి, పైకి లాగే ఇనుప బోను ఆయన చేతి కదలికను బట్టి నడిచేది. మైలు లోతున ఉన్నవారిని ఆయన చూడలేడు, వారి మాట వినలేడు. అటునుంచి ఇటు వచ్చేది గంట ఒక్కటే. ఒక్కసారి మోగితే ఆపాలి. రెండుసార్లు మోగితే దించాలి. మూడుసార్లు మోగితే బోనులో ఉన్నది రాయి కాదు, ప్రాణాలున్నాయి, మెల్లగా నడపమని అర్థం. ఇరవై ఆరేళ్ళలో ఆయన ఆ లెక్కను ఒక్కనాడూ తప్పలేదు. అబద్ధపు గంట కొట్టినవాడితో ఆ గనిలో ఎవరూ కలిసి అన్నం తినేవారు కారు.

ఆయన తండ్రి పలమనేరు దిక్కునుంచి గని పనికి వచ్చేటప్పుడు ఇత్తడి చేతిగంట ఒకటి, ఇంటి నియమం ఒకటి వెంట తెచ్చుకున్నాడు. వండిన అన్నంలో మొదటి ముద్ద ఆ ఇంటివారిది కాదు. కంటికి కనిపించని భూతకోటిది. గంట మోగించి, ముద్దను బయట రాతిమీద పెట్టి, వెనుదిరిగి చూడకుండా లోపలికి రావాలి. ఎవరు తిన్నదీ తెలుసుకోకూడదు. తెలిసిన క్షణాన అది బలి కాకుండా పోయి, ఇచ్చిపుచ్చుకోవడం అవుతుందని తండ్రి చెప్పేవాడు. ఎన్నిసార్లు మోగించాలో ఆయన చెప్పలేదు. ఉద్యోగపు అలవాటుకొద్దీ చిక్కవెంకటప్ప మూడుసార్లు మోగించేవాడు. మూడంటే ప్రాణాలున్నాయని గదా.

గని మూతపడింది. తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కి, చీకటిపడ్డాక దిగే బతుకులు మొదలైనాయి. రామమందిరంలో శనివారం సాయంత్రాలు ఆయన చదివి అర్థం చెప్పే పురాణానికి ఒకప్పుడు అరవైమంది వచ్చేవారు. అరవై ఇరవై అయింది, ఇరవై నాలుగయింది. చివరికి మిగిలిన శ్రోత భార్య మునిలక్ష్మమ్మ. వారికి సంతానం లేదు. ఆరేళ్ళ క్రితం మునిలక్ష్మమ్మ కూడా వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆయన పద్యాన్ని గొంతెత్తి చదవడం మానివేశాడు. ఖాళీ గదిలో తన గొంతు తనకే తిరిగి వస్తుంటే, ఎవరో వెక్కిరించినట్లు ఉండేది.

గడిచిన కార్తీకంలో ఉపవాసం ఉన్న ఒకనాడు, వంట సాయంత్రానికి జరిగి, ముద్ద పెట్టి వస్తూ, గడపమీద కాలు పెట్టినవాడు ఎందుకో వెనుదిరిగి చూశాడు.

రాతి దగ్గర రెండు గుంటనక్కలు ఉన్నాయి. పిల్లికంటె కొంచెం పెద్దవి. సన్నని కాళ్ళు, ముఖానికి మించిన చెవులు, చివర సిరాలో ముంచి తీసినట్లు నల్లని తోక. ఆయన చిన్నతనంలో గుట్ట చుట్టూ వీటి అరుపు వినని సంధ్యవేళ లేదు. చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే జ్ఞాపకం లేదు. మగది ముద్దను సగం కొరికి, మిగతా సగాన్ని వదిలి పక్కకు జరిగింది. ఆడది వచ్చి తిన్నది. చిక్కవెంకటప్ప గడపమీదనే నిలుచున్నాడు.

మరునాడు ఆయన ముద్దలో నెయ్యి వేశాడు. వారం తరువాత బెల్లం కలిపాడు. మధ్యాహ్నపు బలిని అవి వచ్చే సాయంకాలానికి మార్చుకున్నాడు. మార్గశిరం వచ్చేసరికి గంట మోగిన తోడనే పొదల్లో తంగేడు కొమ్మ కదిలేది. పుష్యంలో ఆయన అరుగుమీద కూర్చుని మెల్లగా ఒక పద్యం అందుకున్నాడు. అవి పారిపోలేదు. పదడుగుల దూరంలో కూర్చుని చెవులు ఇటూ అటూ తిప్పుతూ విన్నాయి. అవి కూర్చున్నది పద్యం కోసం కాదని, మరొక ముద్ద దొరకవచ్చునని మాత్రమేనని తెలియనంత అమాయకుడు కాడాయన. అయినా, తాను చదువుతుండగా ఎదుట ఒకరు కూర్చున్నారు. ఆ తృప్తిముందు నియమం మాట ఆయనకు గుర్తు రాలేదు.

ఫాల్గుణ మాసంలో ఒక ఉదయం పూలకు వెళ్ళిన చిక్కవెంకటప్ప, దొడ్డికి పక్కనున్న జయరాం వేరుశనగ చేను గట్టుమీద మగనక్క పడుకొని ఉండడం చూశాడు. ఎండకు పడుకున్నదేమో అనుకున్నాడు. దగ్గరికి వెళ్ళాడు. నాలుగు కాళ్ళూ కొయ్యల్లాగా బిగుసుకొని ఉన్నాయి. మూతి చుట్టూ నురగ ఎండి తెల్లగా అట్టకట్టింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

ఆయన పూలసజ్జను గట్టుమీద పెట్టి, ఫోను తీసి, అటవీశాఖలో గార్డుగా ఉన్న రక్షితను పిలిచాడు. రక్షిత ఆయనతోపాటు గనిలో పనిచేసిన గుండప్ప మనవరాలు. గంటలోపల బండిమీద వచ్చింది. చేతులకు తొడుగులు వేసుకొని నక్కను ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. ఆయన తులసితీర్థం తెచ్చి దాని నోటి దగ్గరకు వంగబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"వొద్దు తాతా. నోట్లో మందుండాది. ముట్టుకోవద్దు."

ఆయన ఒక తులసిదళాన్ని దాని నుదుటిమీద ఉంచి వెనుకకు జరిగాడు.

"ఈ ఏడు నా బీటులో ఇది నాలుగోది తాతా," అన్నది రక్షిత, గోనెసంచి పరుస్తూ. "కొత్త రోడ్డుమీద ఒగటి లారీ కింద పడె. బూదికోట తట్టు తోట కంచెలో కరెంటు పెట్టింటే ఒగటి పాయె. ఒగదాన్ని ఊరికుక్కలు చీల్చినాయి. దాంట్లో కూడా కుక్కల్ని ఉసికొలిపింది మనిసే. ముసిలిదై చచ్చిన నక్కను నేనింగా చూడనే లేదు."

"ఇంకెన్ని ఉండాయమ్మా?"

"యాడ? ఈ గుట్ట చుట్టూరా లెక్కేస్తే నా చేతి వేళ్ళు చాలు. మీ దొడ్డెనకాల ఆడది ఉండాదే, దానికి పిల్లలు. మొన్న చూసినా. మూడు."

ఇంతలో మోటారు ఆపి జయరాం వచ్చాడు. బోరు నీళ్ళతో ఎండకారు వేరుశనగ వేసినవాడు. మోకాళ్ళదాకా బురద. గోనెమీద ఉన్నదాన్ని చూసి, భుజంమీది తువ్వాలు తీసి నెత్తికి చుట్టుకొని, మళ్ళీ విప్పాడు.

"ఇదా," అన్నాడు. "నేను అడివిపందులకని పెడితిని డ్రైవరప్పా. దేవుడిమీదాన, పందులకే."

"ఏం పెట్టినావు?" అని అడిగింది రక్షిత.

"ముద్దలు. అన్నం ముద్దలు. బెల్లమేసి, అంత నెయ్యేసి, దాంట్లో పురుగులమందు..." అతడు చేను వైపు చెయ్యి చాపాడు. "ఆ మూల జూడమ్మా. అర్దెకరం దున్నేసినాయి పందులు. నేనెప్పుడూ అంత బాగా దున్నలేదు. కాయంతా పాయె. నీ డిపార్ట్‌మెంటోళ్ళకి అర్జీ ఇచ్చి రెండు నెలలాయె."

"అర్జీకీ విషానికీ ఏమన్నా పొత్తుందా జయరామన్నా? ఇది కేసవతాది."

"రాసుకో. నన్ను లోపలేస్తే పందులే కాపలా కాస్తాయి నా చేను."

చిక్కవెంకటప్ప ఆ మాటలు వినడం లేదు. ఆయన మనస్సు అంతకు ముందటి వాక్యం దగ్గరనే నిలిచిపోయింది.

"జయరామూ, పందికి నెయ్యెందుకు, బెల్లమెందుకు?"

జయరాం నేల చూశాడు. చెప్పడం ఇష్టం లేదని ముఖం చెప్పింది. దాచడం చేతకాదని కూడా చెప్పింది.

"నీ రాయి జూసే పెట్టినా డ్రైవరప్పా. దినామూ ఈ తట్టునించి చూస్తా ఉంటి గదా. నువ్వు ముద్ద పెట్టేదే తడవు, మిగిలేది లేదు. ఇంత మంచిగా తింటాయే, నేనూ అట్లే చేస్తే పందులూ తింటాయిలే అనుకుంటి. ఉత్త తౌడు పెడితే వాసన చూసి పోతా ఉండె అవి." తువ్వాలు మళ్ళీ నెత్తికి చుట్టుకున్నాడు. "నీ ముద్ద మాదిరే చేసినా. ఇది దాన్ని తింటాదని నాకు తోచనే లేదప్పా."

మోటారు ఆగిన పైపులోనుంచి మిగిలిన నీళ్ళు బొట్లు బొట్లుగా కాలువలో పడుతున్నాయి.

"ఎన్ని పెట్టినావు?" అని రక్షిత మళ్ళీ అడిగింది.

"పన్నెండు."

ముగ్గురూ చేనంతా వెదికారు. ఎనిమిది దొరికాయి. ఒకటి నక్క తిన్నది. మూడు లేవు. రక్షిత దొరికినవాటిని సంచిలో కట్టింది, జయరాం చేత కాగితంమీద సంతకం పెట్టించింది, నక్కను పశువుల డాక్టరు దగ్గరికి తీసుకొనిపోవడానికి బండి వెనుక కట్టుకుంది. బయలుదేరేముందు చిక్కవెంకటప్ప దగ్గరికి వచ్చింది.

"తాతా, చెప్తే తప్పనుకోవద్దు. మీరు పెట్టేది మానుకోండి. అది మనిసి చెయ్యి పడిన కూడు నమ్మకూడదు. నమ్మినన్ని దినాలే అది బతికేది."

ఆయన తల ఊపాడు.

ఆ రోజు, ఆ మరునాడు, ఆయన చేనులో వంగి వెదుకుతూనే ఉన్నాడు. డెబ్బై మూడేళ్ళ నడుము మాటిమాటికీ ఆగమన్నది. కాలువ ఒడ్డున ఒకటి, ఎలుక బొరియ దగ్గర ఒకటి దొరికాయి. బొరియ దగ్గర ఎలుక చచ్చి ఉంది. పన్నెండోది మాత్రం దొరకలేదు. జయరాం కూడా వెదికాడు. "పంది తిని యాడో పడిపోయింటాది లే," అన్నాడు. కాని చచ్చిన పంది కూడా ఎక్కడా కనబడలేదు.

మొదటి సాయంకాలం చిక్కవెంకటప్ప గంట మోగించలేదు, ముద్ద పెట్టలేదు. తలుపు సందునుంచి చూస్తూ నిలుచున్నాడు. పొద్దు గుట్టమీదికి దిగిన వేళకు ఆడనక్క ఒంటరిగా వచ్చింది. పాలిస్తున్న ఒళ్ళు; పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. రాతిని వాసన చూసింది. కూర్చుంది. ఇంటి వైపు చూసింది. మధ్యలో ఒకసారి లేచి, మగది రోజూ వచ్చే దారివైపు నాలుగడుగులు వేసి, నిలబడి చూసి, తిరిగి వచ్చి కూర్చుంది. ఆయన తలుపు గడియను గట్టిగా పట్టుకున్నాడు. చాలాసేపటికి నక్క లేచి, ముక్కు నేలకు ఆనించి, తిన్నగా జయరాం చేను వైపు నడిచింది.

ఆయన పరుగెత్తాడు. ఆయన పరుగెత్తి ఎన్నేళ్ళయిందో. గట్టుమీద జారి మోకాలు కొట్టుకొని, లేచి, చేతులు ఊపుతూ అదిలించాడు. నక్క ఆగి ఆయనను చూసింది. పారిపోలేదు. ఆయన వచ్చాడు గనుక ముద్ద వచ్చిందనుకొని, తోక కొంచెం దించి, ఎదురుగా రెండడుగులు వేసింది.

ఆ చూపును ఆయన భరించలేకపోయాడు. ఇంటికి తిరిగి వచ్చాడు. అది వెంట వచ్చింది. పొయ్యిమీద ఉన్న అన్నంలో ఇంత తీసి రాతిమీద పెట్టాడు. అది తిని వెళ్ళింది. ఆ పూటకు చేనులోకి పోలేదు. కాని ఇట్లా ఎన్ని పూటలు? పెట్టకపోతే వెదుక్కుంటూ విషం దగ్గరికి పోతుంది. పెడితే ముద్దను మరింత నమ్ముతుంది. రెండు దారులూ ఆ దొరకని విషపుముద్దల దగ్గరికే పోతున్నాయి. అది పోతే బొరియలో మూడు పిల్లలు కూడా పోతాయి. తన రాతిమీద నేర్చిన రుచే గదా దాన్ని అక్కడికి తీసుకొనిపోయేది.

నిద్ర పట్టక పడుకొని ఉండగా ఆయనకు తల్లి గుర్తుకు వచ్చింది. తమ్ముడికి రెండేళ్ళు నిండినా పాలు మానలేదు. తల్లి వేపాకు నూరి రొమ్ములకు పూసుకుంది. వాడు నోరు పెట్టి, ముఖం వికారంగా పెట్టి, తల్లి ముఖంలోకి చూశాడు. అట్లాంటి చూపును చిక్కవెంకటప్ప మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఏడ్చి ఏడ్చి వాడు నిద్రపోయిన తరువాత, తల్లి కుంపటి ముందు కూర్చుని తానూ ఏడ్చింది. నాలుగో నాటికి వాడు గ్లాసులో రాగిగంజి తాగుతూ ఆడుకున్నాడు. తల్లి మాత్రం చాలా రోజులు వాణ్ణి ఒళ్ళోకి తీసుకోలేదు.

ఉదయం స్నానం చేసి ఆయన దొడ్డి మూలనున్న వేపచెట్టునుంచి లేత ఇగురు కోశాడు. కోస్తుండగా ఒక ఆలోచన వచ్చింది. గంట మోగించకుండా చేదు ముద్ద పెడితే సరిపోతుంది గదా. గంట లేని ముద్ద చేదు. గంట ఉన్న ముద్ద తీపి. అంత తేడా అది నేర్చుకోలేదా? నేర్చుకుంటే చేనులో ముద్దను ముట్టదు. తన దగ్గరికి మాత్రం రోజూ వస్తుంది. గంట మాటా దక్కుతుంది.

ఆ ఆలోచన చాలా బాగుంది. బాగుండడం చూసి ఆయనకు భయం వేసింది. కొమ్మను వదిలి, చెట్టు మొదట్లో కూర్చున్నాడు. నెయ్యి వేసిన నాడు, బెల్లం కలిపిన నాడు, వేళ మార్చిన నాడు కూడా ఇట్లాగే బాగుంది. ప్రతి అడుగూ దానికోసమే వేశాననుకున్నాడు. ప్రతి అడుగూ దాన్ని తనవైపు లాక్కున్నదే. తన గంటకు వచ్చేది రేపు మరొకడి చప్పుడుకూ వస్తుంది. రోడ్డుమీద లారీ పక్కన కూర్చుని అన్నం తినేవాడి దగ్గరికీ వస్తుంది. తండ్రి చెప్పినదాంట్లో కష్టమైనది ముద్ద పెట్టడం కాదు; వెనుదిరిగి చూడకపోవడం. అదొక్కటీ ఆయన చేయలేకపోయాడు.

గంట మోగించే, ఆ నమ్మకాన్ని చెడగొట్టాలి.

ఆయన వేపఇగురు నూరాడు. అందులో పండుమిరప నూరి కలిపాడు. అన్నం వార్చి, నెయ్యి వేసి, బెల్లం వేసి, రోజూ చేసినంత శ్రద్ధగానే ముద్ద చేశాడు. పైకి ఏ తేడా కనిపించకూడదు. దేవుడి ముందు దీపం పెట్టి, ముద్దను మాత్రం ఆ గదిలోకి తీసుకొనిపోలేదు. ఇది నైవేద్యం కాదు. ఆకలితో గడపకు వచ్చిన ప్రాణికి తెలిసి తెలిసి చెడ్డ అన్నం పెట్టినవాడికి ఏ గతి రాసి ఉన్నదో ఆయనకు బాగా తెలుసు. దాన్ని రామమందిరంలో ఎన్నోసార్లు వివరించి చెప్పినవాడు తానే. దీపం ముందు నిలబడి క్షమాపణ అడగబోయి మానుకున్నాడు. చేయబోతూ అడిగే క్షమాపణ ఆయనకు మర్యాదగా తోచలేదు.

సాయంకాలం దొడ్డిలోకి వెళ్ళి ముద్దను రాతిమీద పెట్టాడు. గంట చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై ఆరేళ్ళు అవతలి చివర ఎవరో మోగించిన గంటను నమ్మి మనుషులను దించినవాడు, ఎక్కించినవాడు. ఇప్పుడు మోగించే చివర తాను ఉన్నాడు. వినే చివర అది ఉంది.

మూడుసార్లు మోగించాడు.

తంగేడు కొమ్మ కదిలింది. నక్క వచ్చింది. ఆయన అరుగుమీద, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాడు. ఈసారి చూడక తప్పదు. తిన్నదో లేదో తెలియాలి. అది వాసన చూసింది. నెయ్యి వాసనే. నోటినిండా కొరికింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరువాత తల విదిలించింది. నోట్లోది కక్కింది. ముందరి కాలితో మూతిని రుద్దుకుంది, నాలుకను గడ్డిమీద, మట్టిమీద, రాతి అంచుమీద రాసింది, తుమ్మింది, మళ్ళీ తల విదిలించింది. ఆయన లేవలేదు. నీళ్ళచెంబు చేతికి అందేంత దూరంలో ఉంది. లేవలేదు.

నక్క తల ఎత్తి ఆయనవైపు చూసింది. తమ్ముడి చూపే. తరువాత తోక కిందికి పెట్టి పొదల్లోకి వెళ్ళిపోయింది.

రెండోనాడు కూడా మూడుసార్లు మోగించాడు. అది సగం దూరం వచ్చి, గాలిని వాసన చూసి, రాతి చుట్టూ దూరంగా ఒక చుట్టు తిరిగి, ముట్టకుండా పోయింది. మూడోనాడు పొదల అంచున రెండు చెవులు మాత్రం కనిపించాయి. నాలుగోనాడు కొమ్మ కదలలేదు. ఐదోనాడు ఆయన గంట నాలుకకు పాత పంచెముక్క చుట్టి దారంతో కట్టి, గూట్లో పెట్టాడు.

మొదటి సాయంకాలంలాగా అది చేనువైపు వస్తుందేమోనని వారంరోజులు ఆయన గట్టుమీద కూర్చున్నాడు. వస్తే అదిలించడానికి ఒక కర్ర పక్కన పెట్టుకున్నాడు. రాలేదు. ఒకసారి చాలా దూరాన, గుట్ట అంచున, ఏదో చిన్నజంతువును నోట కరుచుకొని పోతున్న ఆకారం కనిపించింది. ఎలుక కావచ్చు. అదో కాదో కూడా చెప్పలేడు.

ఉగాది వెళ్ళిన తరువాత జయరాం వేరుశనగ పెరకడం మొదలుపెట్టాడు. రెండోరోజు ఉదయం చేనులోనుంచి కేక వేశాడు.

"డ్రైవరప్పా, ఒక తూరి ఇట్లా రా. చెప్పుల్లేకుండా రావద్దు, ముండ్లు."

పందులు దున్నిన మూలలో, పెరికిన చెట్ల కింద, పన్నెండోది ఉంది. ఎండి, పగిలి, రాయిలాగా అయింది. కూలిమనుషులను జయరాం దూరంగా నిలబెట్టాడు. ముద్ద చుట్టూ నీళ్ళు పారినప్పటి బురద గట్టిపడి ఉంది. దానిమీద అచ్చుపోసినట్లు చిన్న చిన్న అడుగులు. అటువైపునుంచి వచ్చాయి. ముద్దకు జానెడు దూరంలో నాలుగు కాళ్ళూ ఒకచోట లోతుగా దిగి ఉన్నాయి; అది అక్కడ చాలాసేపు నిలబడింది. తరువాత అడుగులు పక్కకు తిరిగి, పెద్ద పెద్ద అంగలతో గుట్టవైపు పోయాయి. ముద్దమీద పంటిగాటు లేదు.

జయరాం మోకాళ్ళమీద కూర్చుని చూశాడు.

"వచ్చింది. నిలబడింది. వొద్దని పాయె," అన్నాడు. "నీళ్ళు కట్టింది యుగాది ముందర. అంటే నువ్వు చేదు పెట్టినంక. అవునా?"

"అవును."

"దానికి బుద్ధొచ్చింది. నాకే ఆలస్యమాయె." పార తెచ్చి, మోకాలి లోతు గుంట తీసి, ముద్దను దాంట్లో పడేసి, మట్టి కప్పి, పైన ఒక బండ పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. "ఇంగ పందులకి చీరలు కట్టినా. చేను చుట్టూ పాత చీరలు. మా ఇంటిది, నా పెండ్లి చీర కూడా కట్టేసినావా అని మూడుదినాలు అన్నం పెట్టలా."

చిక్కవెంకటప్ప నవ్వాడు. నవ్వి చాలా రోజులైందని నవ్వుతుండగానే తోచింది.

"అది ఇంగ నీ కాడికి వస్తాదా డ్రైవరప్పా?"

"రాదు."

"మంచిదే గదా."

"మంచిదే," అన్నాడు ఆయన.

జయరాం ఒక తట్టెడు పచ్చికాయ తెచ్చి ఆయన పంచె కొంగులో పోశాడు. "ఉడకేసుకుని తిను. ఒగడివే ఉంటావు, పొయ్యి సరిగ్గా రాజేసేది లేదు నువ్వు."

ఇంటికి వచ్చి ఆయన కాయలు కడిగి ఉప్పు వేసి ఉడకబెట్టాడు. తులసి ఆకులు తుడిచాడు. అన్నం వార్చాడు. మొదటి ముద్ద తీశాడు. నెయ్యి లేదు, బెల్లం లేదు. పొద్దు ఇంకా నడినెత్తిమీదనే ఉంది. బలికి తండ్రి చెప్పిన వేళ అదే. గూట్లో గంట పంచెముక్క చుట్టుకొని ఉంది. దానివైపు చెయ్యి పోయింది, వెనక్కి వచ్చింది. ముద్దను రాతిమీద పెట్టి, మూడడుగుల్లో దొడ్డి దాటి, లోపలికి వచ్చి, తలుపుకు వీపు పెట్టి విస్తరిముందు కూర్చున్నాడు.

ఆపోశనం పట్టి, తన ముద్ద నోట పెట్టుకోబోతుండగా, వెనుక రాతిమీద ఏదో కదిలిన చప్పుడైంది. కాకి కావచ్చు. ఉడుత కావచ్చు. ఊరికుక్క కావచ్చు. చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆయన మెడ కొంచెం తిరిగింది. అక్కడే నిలిపాడు. కళ్ళు మూసుకొని, గోడమీద మునిలక్ష్మమ్మ పటం ఉన్న వైపుకు ముఖం తిప్పుకొని, నమలడం మొదలుపెట్టాడు. చప్పుడు పూర్తిగా ఆగేదాకా ఆయన భోజనం ముగించలేదు. ముగించిన తరువాత కూడా, ఎంగిలి విస్తరి ముందు, అట్లాగే వీపు తలుపుకు పెట్టి కూర్చుండిపోయాడు.